జంట అద్దాల కిటికీ: బాగు చేయాలా, మార్చేయాలా?

బ్రిటన్‌లో సొంత ఇల్లున్నవాళ్లకు ఏదో ఒక చలికాలంలో ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు. రెండు అద్దాల కిటికీలో, ఆ రెండింటి నడుమ, తేమ పట్టి మసకబారుతుంది. లోపల తుడిచినా పోదు, బయట తుడిచినా పోదు. సలహా అడిగితే తలా ఒక మాట చెబుతారు. ఫ్రేముతో సహా కిటికీ మొత్తం మార్చాలని ఒకరంటారు. అద్దాల జోడీ మారిస్తే చాలని ఇంకొకరంటారు. చిన్న రంధ్రాలు వేసి ఆరబెడితే సరిపోతుందని మరొకరంటారు. గదికి గాలి ఆడకపోవడమే అసలు రోగమని, కిటికీని నిందించడం దండగని చెప్పేవాళ్లూ ఉన్నారు. రీడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్, లీడ్స్ లాంటి ఊళ్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఈ చర్చ బొత్తిగా కొత్త. ఎవరి మాట నమ్మాలో తెలియక, చివరికి పెద్ద ఖర్చుకే సిద్ధపడేవాళ్లు చాలామంది.

ఈ వాదాలన్నిటిలోనూ నిజం ఉంది. చిక్కంతా ఒకచోటే: అందరూ కిటికీని ఒకే వస్తువుగా చూసి మాట్లాడుతున్నారు. నిజానికి అది నాలుగైదు భాగాల కూర్పు. అద్దాల జోడీ ఆయుష్షు వేరు, ఫ్రేము ఆయుష్షు వేరు, హింజులు, తాళాలు, రబ్బరు గ్యాస్కెట్ల ఆయుష్షు వేరు. ఏ భాగం చెడిందో తేల్చకుండా మొదలుపెట్టిన చర్చ ఏళ్ల తరబడి సాగినా తెగదు.

ఇక్కడిదాకా ఎలా వచ్చాం

చలి దేశాల్లో రెండు పొరల కిటికీ పాత అలవాటే. వియన్నా, బెర్లిన్ నగరాల పాత ఇళ్లలో ఒకే గోడలో ముందొక కిటికీ, వెనకొక కిటికీ ఉంటాయి. రెండు అద్దాలను అంచుల్లో అతికించి, మధ్య గాలిని బంధించి, ఒకే పలకలా చేయాలన్న ఆలోచనకు న్యూయార్క్‌కు చెందిన థామస్ స్టెట్సన్ 1865లో పేటెంట్ తీసుకున్నాడు. అది సరుకుగా బజారుకు రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1930లు, 40లలో అమెరికాలో లిబీ-ఓవెన్స్-ఫోర్డ్ కంపెనీ థర్మోపేన్ పేరుతో అమ్మింది. అలాంటి జోడీకి గాజు చదునుగా ఉండాలి. ఇంగ్లండ్‌లోని సెయింట్ హెలెన్స్‌లో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ఫ్లోట్ గాజు పద్ధతిని ప్రకటించాక ఆ గాజు చవకగా, విరివిగా దొరకసాగింది.

1973లో చమురు ధరలు భగ్గుమనడంతో బ్రిటన్‌లో ఇంటి వెచ్చదనం డబ్బు లెక్కగా మారింది. 70లు, 80లలో జంట అద్దాలను ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్లు. మొదట అల్యూమినియం ఫ్రేములు వచ్చాయి, తర్వాత వాటి స్థానాన్ని యూపీవీసీ ప్లాస్టిక్ ఆక్రమించింది. ఆపైన గాజు మీద వేడిని వెనక్కి తిప్పే, కంటికి కనిపించని లో-ఈ పూత, మధ్యలో గాలికి బదులు ఆర్గాన్ వాయువు చేరాయి. 2002 ఏప్రిల్‌లో ఇంగ్లండ్, వేల్స్‌లలో కిటికీ మార్పిడి భవన నిబంధనల కిందకు వచ్చింది. కిటికీని నిబంధనల ప్రకారమే మార్చారని చెప్పే ఫెన్సా ధ్రువపత్రం పద్ధతి మొదలైంది కూడా అప్పుడే. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల లాయరు అడిగే కాగితాల్లో ఇదొకటి. ఇంగ్లండ్‌లో 2022 జూన్ నుంచి కొత్తగా మార్చే కిటికీ యూ విలువ 1.4 మించకూడదు, లేదా దాని ఎనర్జీ రేటింగ్ కనీసం బి అయినా ఉండాలి. యూ విలువ అంటే, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు మేర ఎన్ని వాట్ల వేడి జారిపోతుందో చెప్పే అంకె. ఎంత తక్కువైతే అంత మేలు.

ఈ చరిత్రలో గమనించాల్సిన మలుపు ఒకటుంది. ఒంటి అద్దం యూ విలువ 5.7 దగ్గర ఉంటుంది. మామూలు జంట అద్దంతో అది 2.8కి పడిపోయింది. కాబట్టి మొదటి తరానికి ‘మార్చేయండి’ అన్న సలహా నూటికి నూరుపాళ్లు సరైనదే. ఇప్పుడు మన ముందున్నది రెండో విడత. పాత జంట అద్దాన్ని తీసి కొత్త జంట అద్దం పెట్టడం. లో-ఈ పూత, ఆర్గాన్ ఉన్న కొత్త జోడీ 1.2 దాకా దింపుతుంది. అది చిన్న లాభమేమీ కాదు, కానీ మొదటిసారి వచ్చినంతా కాదు. ముఖ్యంగా, ఆ లాభంలో సింహభాగం గాజుది. ఫ్రేమును పీకి పారేయకుండానే అందుతుంది. అమ్మకాల భాష మాత్రం ఇంకా మొదటి విడత దగ్గరే ఆగిపోయింది.

అద్దాల మధ్య జరిగేదేమిటి

మసకబారిన జోడీని విప్పి చూస్తే కథ తెలుస్తుంది. రెండు గాజుల అంచుల వెంట నాలుగు వైపులా బోలు స్పేసర్ పట్టీ ఉంటుంది. అందులో తేమ పీల్చే గుళికలు నింపి ఉంటాయి. మంచి రకం గుళికల సూక్ష్మ రంధ్రాలు 3 ఆంగ్‌స్ట్రాముల వెడల్పు ఉంటాయి. నీటి అణువు లోపలికి దూరగలదు, నైట్రోజన్ దూరలేదు. పట్టీకీ గాజుకూ మధ్య సన్నని బ్యూటైల్ గీత ఆవిరిని ఆపుతుంది. దాని వెనక పాలీసల్ఫైడ్, పాలీయురేథేన్ లేదా సిలికాన్ మందంగా పోసి జోడీని బిగించి పట్టుకుంటారు. మొదటిది ఆవిరికి అడ్డం, రెండోది బలానికి.

ఎండకు లోపలి వాయువు వ్యాకోచించి గాజులను బయటికి తోస్తుంది, రాత్రి చలికి సంకోచించి లోపలికి లాగుతుంది. రోజూ జరిగే ఈ తంతుతో అంచు అలసిపోతుంది. అయినా బాగా చేసిన జోడీ ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. దాన్ని తొందరగా చంపేది వేరే ఉంది: ఫ్రేము గాడిలో నిలిచిన నీళ్లు. యూపీవీసీ ఫ్రేములోకి వాన నీరు కొంత రావడం సహజమే. అది బయటికి పోవడానికి కింది పట్టీలో చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటికి నాచు, ధూళి, పురుగుల గూళ్లు, ఒక్కోసారి రంగు పూసేవాళ్ల పుట్టీ అడ్డం పడితే జోడీ అంచు నెలల తరబడి నీళ్లలో నానుతుంది. అందుకే ఒకే ఇంట్లో, ఒకే రోజు బిగించిన కిటికీల్లో ఒకటి పన్నెండేళ్లకే మసకబారుతుంది, పక్కది ముప్పై ఏళ్లయినా మెరుస్తూ ఉంటుంది. ఆవిరి లోపలికి చేరగానే మసక కనిపించదు. గుళికలు దాన్ని పీలుస్తూనే ఉంటాయి. అవి నిండిపోయాకే గాజు మీద తేలుతుంది. మనకు మసక కనిపించేనాటికి అంచు చెడి చాలా కాలమై ఉంటుందన్నమాట.

ముందు తేల్చాల్సింది: తేమ ఏ వైపున?

సగం తగాదా ఇక్కడే తీరిపోతుంది. తేమ మూడు చోట్ల పట్టవచ్చు. మూడింటి అర్థాలు వేరు.

అద్దాల నడుమ పడితే జోడీ అంచు చెడింది. ఇందులో అనుమానానికి తావు లేదు.

తెల్లవారుజామున బయటి ముఖం మీద మంచులా పడితే ఏమీ చెడలేదు. లోపలి వేడి బయటి గాజు దాకా రావడం లేదు కాబట్టి అది నిర్మలమైన ఆకాశం కింద చల్లబడి, బయటి గాలిలోని తేమను పట్టుకుంది. కొత్తగా వేలకు వేలు పోసి కిటికీలు పెట్టించినవాళ్లు దీన్ని చూసి కంగారుపడి ఫిర్యాదు చేస్తారు. నిజానికి అది కిటికీ బాగా పనిచేస్తోందనడానికి గుర్తు.

గది వైపు ముఖం మీద పడితే మాత్రం లెక్క వేయాలి. గదిలో 20 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం అనుకుందాం. ఆ గాలి 12 డిగ్రీల ముఖాన్ని తాకితే నీరు కారుతుంది. బయట 0 డిగ్రీలున్న రాత్రి, ఒంటి అద్దం లోపలి ముఖం 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. కాబట్టి తడవక తప్పదు. పాత జంట అద్దం 12.7 దగ్గర, అంటే అంచుమీద నడుస్తున్నట్టే. కొత్త లో-ఈ జోడీ 17 దగ్గర హాయిగా ఉంటుంది. పాత జోడీల్లో తడి ముందుగా కింది అంచున గీతలా కనిపించడానికి కారణం అల్యూమినియం స్పేసరే. అది వేడిని తేలిగ్గా దాటించడంతో అద్దం మధ్య కన్నా అంచు చల్లగా ఉంటుంది.

ఇక్కడ కిటికీది ఎంత, ఇంటివాళ్లది ఎంత అన్నది రెండో ప్రశ్న. నలుగురున్న ఇంట్లో ఊపిరి, స్నానాలు, వంట, ఉతికిన బట్టలు కలిపి రోజుకు సుమారు 10 లీటర్ల నీరు గాలిలో కలుస్తుందని చెబుతారు. అన్నం, పప్పు, సాంబారు రోజూ ఉడికే వంటిల్లు, బయట ఆరవని బట్టలను హాల్లో స్టాండు మీద ఆరేసే అలవాటు ఉన్న మన ఇళ్లలో అది తక్కువ ఉంటుందని అనుకోలేం. మూత పెట్టి వండడం, వంట అయ్యాక కూడా కాసేపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగనివ్వడం, కిటికీ పైన ఉండే సన్నని గాలి చీలికలను చలికాలంలో మూసేయకుండా ఉండడం, ఈ మూడూ చేసి చూశాకే కొత్త కిటికీ ఊసెత్తడం న్యాయం.

వాదాలు, వాటి వెనకున్న మనుషులు

*మొత్తం మార్చాలనేవాళ్లు.* కిటికీల పరిశ్రమ ఈ వైపు ఉంది. వాళ్ల మాటను వ్యాపారమని కొట్టిపారేయడం సరికాదు. 70లు, 80ల నాటి అల్యూమినియం ఫ్రేముల్లో చాలావాటికి లోపలి లోహానికీ బయటి లోహానికీ మధ్య వేడిని ఆపే తెంపు లేదు. అలాంటి ఫ్రేములో ఎంత మంచి అద్దం పెట్టినా ఫ్రేమే చెమటోడుస్తుంది. వంగిపోయిన యూపీవీసీ రెక్క, విడిపోయిన మూల అతుకులు, విడిభాగాలు దొరకని పాత తాళాలు ఉన్నచోట మార్చడమే తెలివి. అయితే ఈ వాదం గట్టి ఫ్రేములకు కూడా ఇదే మందు రాస్తుంది. అక్కడే అది నా దృష్టిలో ఓడిపోతుంది.

*అద్దాల జోడీ మార్చేవాళ్లు.* ఊళ్లో అద్దాల పని చేసేవాళ్ల మార్గం ఇది. గాజును ఫ్రేములో పట్టి ఉంచే బీడింగ్ పట్టీలు తీసి, పాత జోడీని దింపి, అదే కొలతకు కొత్తది చేయించి పెడతారు. ఇంగ్లండ్‌లో ఉన్న ఫ్రేములోనే గాజు మార్చడాన్ని మరమ్మతుగానే చూస్తారు. ఫెన్సా కాగితం అవసరం లేదు. కానీ భద్రతా గాజు నియమం వర్తిస్తుంది. నేల నుంచి 800 మి.మీ. లోపు కిటికీలకూ, తలుపుల్లోనూ వాటి పక్కనా 1500 మి.మీ. లోపు గాజుకూ టఫెండ్ లేదా లామినేటెడ్ గాజే వాడాలి. పాత జోడీ మూలన ముద్ర ఉంటే కొత్తదానికీ ఉండాలి.

ఈ మార్గానికున్న బలమేమిటంటే, పాత ఫ్రేములో కొత్త తరం గాజును పెట్టవచ్చు. 24 మి.మీ. జోడీ ఉన్న గాడిలో అదే మందంలో లో-ఈ పూత, ఆర్గాన్, వేడిని తక్కువగా దాటించే స్పేసర్ ఉన్న జోడీ కూర్చుంటుంది. ఇంటివాళ్లు అడగకపోతే చాలాసార్లు పాతదానిలాంటిదే చేసి ఇస్తారు. అందుకే ఆర్డరు ఇచ్చేముందు ఈ మాటలు నోరు తెరిచి అడగాలి.

*రంధ్రాలు వేసి ఆరబెట్టేవాళ్లు.* ఉత్తర అమెరికాలో మొదలై బ్రిటన్‌కు వచ్చిన పద్ధతి. బయటి గాజుకు రెండు సన్నని రంధ్రాలు వేసి, లోపల కడిగి, ఆరబెట్టి, రంధ్రాలకు ఆవిరి బయటికి పోనిచ్చే చిన్న బిరడాలు బిగిస్తారు. ఖర్చు తక్కువ, గాజు చెత్తకుప్పకు పోదు. ఇది ఈ పద్ధతి తరఫు వాదన. ఎదుటివాళ్ల వాదన ఇంకా బలమైనది. చెడిన అంచు చెడినట్టే ఉంది. నిండిపోయిన గుళికలు మారలేదు. ఆర్గాన్ ఉంటే అది పోయింది. ఏళ్ల తరబడి తడిసిన గాజు మీద పట్టిన తెల్లని మచ్చ గాజునే తినేసిన మచ్చ, కడిగితే పోదు. టఫెండ్ గాజుకు రంధ్రం వేయబోతే ఒక్కసారిగా ముక్కలైపోతుంది. మూసి ఉంచిన జోడీల నాణ్యతకు ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 1279 దృష్టిలో రంధ్రం పడ్డ జోడీ ఇక ఆ జాతిదే కాదు.

అయినా ఈ పద్ధతిని మోసమని తోసేయలేను. పూత లేని పాత జోడీ, మసక కొత్తగా పట్టింది, టఫెండ్ కాదు, ఇల్లు ఇంకో రెండు మూడేళ్లలో ఎలాగూ పెద్ద మరమ్మతుకు వెళ్తోంది. అలాంటిచోట దానికి అర్థముంది. దాన్ని శాశ్వత వైద్యంగా అమ్మడమే తప్పు.

*పాత కిటికీని నిలబెట్టాలనేవాళ్లు.* 1877లో విలియం మోరిస్ పెట్టిన పాత కట్టడాల సంరక్షణ సంఘం స్పాబ్ మొదలుకొని నేటి వారసత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ దాకా ఈ పాయ సాగుతోంది. విక్టోరియా కాలపు కిటికీ కలప నెమ్మదిగా పెరిగిన చెట్లది. రంగు వేసుకుంటూ వస్తే వందేళ్లు దాటినా నిలుస్తుంది. దాన్ని పీకి ముప్పై, నలభై ఏళ్ల యూపీవీసీ పెట్టడం ఏం లెక్క అని వీళ్లు అడుగుతారు. గ్లాస్గో కాలెడోనియన్ విశ్వవిద్యాలయం 2009లో పాత చెక్క కిటికీల మీద చేసిన పరీక్షలు వీళ్ల చేతికి అంకెలిచ్చాయి. మందపాటి తెరలు వేస్తే అద్దం గుండా పోయే వేడి సుమారు 40 శాతం, కిటికీ చెక్క తలుపులు మూస్తే సగానికి పైగా తగ్గింది. లోపలి వైపు విడిగా బిగించే రెండో అద్దంతో తగ్గుదల 60 శాతం దగ్గరికి వచ్చింది. రోడ్డు చప్పుడు బాధ అయితే ఈ రెండో అద్దమే మేలు. 100 మి.మీ.కు పైగా ఎడం ఉన్న రెండు పొరలు ఆపినంత శబ్దాన్ని 16 మి.మీ. ఎడం ఉన్న మామూలు జోడీ ఆపలేదు. రక్షిత కట్టడాల పట్టికలో ఉన్న ఇళ్లకు అనుమతి లేకుండా కిటికీ మార్చకూడదన్నది ఎలాగూ ఉంది. ఎడిన్‌బరాలో పాత ఇళ్ల కోసం సన్నని జోడీలను ప్రయోగించి చూశాక ఈ పాయలోనూ పట్టు కొంత సడలింది.

పక్కపక్కన పెట్టి చూస్తే

గట్టి యూపీవీసీ ఫ్రేము, ఒకటి రెండు జోడీలు మసక: జోడీ మార్పు. ఖర్చు నడిమి, ఫలితం కొత్త కిటికీకి దగ్గర.

తెంపు లేని అల్యూమినియం ఫ్రేము, గది వైపు ఫ్రేమంతా తడి: మొత్తం మార్పు. గాజు మాత్రమే మారిస్తే డబ్బు వృథా.

గట్టి చెక్క, ఒంటి అద్దం, పాత ఇల్లు: గాలి సందులు మూయడం, లోపలి రెండో అద్దం. సందులు మూసే పనిని ఇన్‌స్టాలరుతో చేయిస్తే 2027 మార్చి ఆఖరు దాకా వ్యాట్ లేదు. కొత్త కిటికీల మీద మాత్రం 20 శాతం. బాగు చేసుకునేవాళ్ల వైపు పన్ను మొగ్గిన అరుదైన చోటు ఇది.

రెక్క వేలాడుతోంది, గాలి వస్తోంది, హ్యాండిల్ తిరగడం లేదు, కానీ గాజు శుభ్రం: ఇది అద్దం సమస్యే కాదు. హార్డ్‌వేర్ మారిస్తే పోయేది. ఎక్కువమంది అనవసరంగా కిటికీలు మార్చేది ఈ కోవలోనే అని నా అభిప్రాయం.

ఇంట్లో చేసుకోదగ్గ పని

ఏడాదికి రెండుసార్లు, ఆకులు రాలాక ఒకసారి, వసంతంలో ఒకసారి, కింది పట్టీలోని నీటి రంధ్రాలను సన్నని పుల్లతో పొడిచి, చెంచాడు నీళ్లు పోసి బయటికి కారుతున్నాయో లేదో చూడాలి. జోడీ ఆయుష్షును పెంచే పనుల్లో ఇంతకన్నా చవకైనది లేదు. గ్యాస్కెట్లను సబ్బు నీళ్లతో తుడిచి, సిలికాన్ స్ప్రే తాకించాలి. నూనెలు రబ్బరును ఉబ్బిస్తాయి కాబట్టి అవి హింజులకూ తాళాలకూ మాత్రమే. యూపీవీసీ మీద థిన్నరు, బ్లీచు వద్దు. గాజు అంచున వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ పూయవద్దు. దాని ఆమ్లం జోడీ వెనకున్న సీలును చెడగొట్టవచ్చు. చెక్క ఫ్రేములో అవిసె నూనె పుట్టీకీ జోడీ సీలుకూ కూడా పడదు.

రెక్క మూసేటప్పుడు కింద తగులుతోందంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఫ్రిక్షన్ హింజు అరిగింది. నాలుగైదు స్క్రూలు విప్పి అదే పొడవు, అదే మందం ఉన్నది తెచ్చి పెట్టుకోవచ్చు. పాతది విప్పి దుకాణానికి పట్టుకెళ్తే పొరపాటు ఉండదు. రెండోది, పెద్ద రెక్కల్లో, తలుపుల్లో, గాజు కింద ఆనించే ప్లాస్టిక్ బిళ్లలు, అంటే ప్యాకర్లు, జారిపోయాయి. చదరపు మీటరుకు ఒక్కో మి.మీ. గాజు బరువు 2.5 కిలోలు. 1.2 మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న 4, 4 మి.మీ. జోడీ 24 కిలోలు తూగుతుంది. ఆ బరువుకు రెక్క కిందికి వాలకుండా గాజే దాన్ని పట్టి నిలపాలి. అందుకని హింజు వైపు కింది మూలన ఒక ప్యాకర్, ఎదురు వైపు పై మూలన ఇంకొకటి పెట్టి గాజును ఐమూలగా బిగిస్తారు. చేయి తిరిగినవాడు గాజు మార్చకుండా, ప్యాకర్లు సర్ది వేలాడే తలుపును నిటారుగా నిలబెట్టేది ఇలాగే.

జోడీ మార్పును స్వయంగా చేయవచ్చా అన్నదానిమీద అభిప్రాయాలు చీలుతాయి. నేల అంతస్తు, బీడింగ్ గది వైపు ఉండడం, మనిషి ఒక్కడు ఎత్తగల బరువు, ఈ మూడూ కుదిరితే అది కష్టమైన పనేమీ కాదు. అన్నిటికన్నా పొడవైన బీడింగ్ నడుమ నుంచి, గాజుకు కాకుండా ఫ్రేముకూ బీడింగుకూ మధ్య సందులో పుట్టీ కత్తి దించి, విల్లులా వంచి తీయాలి. తీసిన ప్రతి ముక్క వెనక దాని చోటు రాసుకోవాలి. గాడిని మూడుచోట్ల కొలిచి, చిన్న కొలత నుంచి ఒక్కో వైపు 5 మి.మీ. వదలాలి. ఆ ఖాళీలోనే నీళ్లు జారి పోతాయి. తిరిగి బిగించేటప్పుడు పొట్టి బీడింగులు ముందు, పొడవైనవి తర్వాత. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. పై అంతస్తు కిటికీలను నిచ్చెన మీద నిలబడి మార్చే సాహసం అస్సలు వద్దు.

ఇంకా తేలనివి

మసకబారిన జోడీ వెచ్చదనాన్ని ఎంత కోల్పోతుంది? అమ్మేవాళ్లు సర్వం పోయినట్టు మాట్లాడతారు. ఆర్గాన్ వల్ల వచ్చే లాభం యూ విలువలో 0.2, 0.3 మాత్రమే. ఐరోపా ప్రమాణం కూడా ఏడాదికి 1 శాతం దాకా వాయువు తరగడాన్ని ఒప్పుకుంటుంది. కాబట్టి వాయువు పోయినంత మాత్రాన కిటికీ ఒంటి అద్దం అయిపోదు. కానీ మెత్తని వెండి లో-ఈ పూత ఉన్న జోడీలో తేమ ఆ పూతను తినేస్తే నష్టం అసలైనదే. పూత లేని పాత జోడీలో మసక ప్రధానంగా చూపుకు సంబంధించిన బాధ. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే వాదన తెగడం లేదు.

కర్బన లెక్కలో రెండు శిబిరాలు ఉన్నాయి. కొత్త కిటికీ ఏటా మిగిల్చే వేడిని ఒకరు లెక్కిస్తారు. గాజు కరిగించడానికి, యూపీవీసీ పోత పోయడానికి అప్పటికే ఖర్చయిన కర్బనాన్ని ఇంకొకరు ముందుకు తెస్తారు. ఇళ్లు గ్యాస్ నుంచి హీట్ పంపులకు మారేకొద్దీ మొదటి లెక్కలో మిగులు తగ్గుతూ వస్తుంది. అప్పుడు మరమ్మతు వైపు తక్కెడ ఇంకా మొగ్గుతుంది.

అద్దె ఇళ్ల సంగతి ఇంకా ముఖ్యం. 1985లో వేల్స్‌లోని టాఫ్ ఈలీ కౌన్సిల్ ఇంటి కేసులో, ఒంటి అద్దం లోహపు కిటికీలు ఇంటిని తేమతో ముంచెత్తినా, ఆ కిటికీలు ‘చెడిపోలేదు’ కాబట్టి మరమ్మతు బాధ్యత కింద యజమానిని పట్టుకోలేమని అప్పీలు కోర్టు తేల్చింది. కిటికీ రూపకల్పన లోపమైతే అది మరమ్మతు కాదట. అద్దెకున్నవాళ్లు బూజు మధ్య బతకాల్సి వచ్చిన ఆ సందును ఇంగ్లండ్‌లో 2018 నాటి నివాసయోగ్యత చట్టం చాలావరకు పూడ్చింది. సామాజిక గృహాల్లో తేమ, బూజుపై గడువులు పెట్టిన అవాబ్ చట్టం 2025 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. ప్రైవేటు అద్దె ఇంట్లో కేవలం మసకబారిన, నీరు కారని జోడీని ఎవరు మార్చించాలన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పందం మీదా, యజమాని మంచితనం మీదా నడుస్తోంది.

గాలి చీలికల మీద కూడా పోరు ఆగలేదు. ఇంగ్లండ్ 2022 నిబంధనలు కిటికీలు మార్చేటప్పుడు వెంటిలేషన్ తగ్గకూడదంటున్నాయి. అందుకు నివాస గదికి 8000 చదరపు మి.మీ. చీలిక సూచిస్తున్నాయి. డబ్బు పోసి సందులు మూయించి మళ్లీ చీలిక పెట్టడమేమిటని ఇంటివాళ్లు విసుక్కుంటారు. సందు గాలి మన అదుపులో ఉండదు, చీలిక ఉంటుంది. ఈ విషయంలో నేను నిబంధన వైపే.

ఇక శూన్యపు గాజు. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధన మీద ఆధారపడి 1997లో జపాన్‌లో స్పేసియా పేరుతో బజారుకు వచ్చింది. రెండు గాజుల మధ్య ఎడం మిల్లీమీటరులో పిసరంతే, గాలి పీల్చేసి, గాజులు అతుక్కోకుండా చుక్కల్లాంటి స్తంభాలు నిలిపారు. ఒంటి అద్దం ఉన్న పాత చెక్క గాడిలోనే ఇమిడిపోయేంత సన్నగా ఉంటుంది. పాత కిటికీని నిలబెట్టాలనేవాళ్లనూ వెచ్చదనం కావాలనేవాళ్లనూ కలిపే వస్తువు ఇదే కావచ్చు. ధర దిగితే.

హైదరాబాద్ వైపు

మన నగరాల్లో బిల్డర్లు డీజీయూ అని పిలిచేది ఈ జోడీనే. అవసరం తలకిందులు. ఇక్కడ ఆపాల్సింది బయటి ఎండను. 2018లో వచ్చిన నివాస భవనాల ఇంధన పొదుపు నియమావళి ఎకో-నివాస్ సంహిత గోడల నుంచి, కిటికీల నుంచి ఇంట్లోకి చేరే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితి పెట్టింది. ఆ లెక్కలో యూ విలువ కన్నా గాజు ఎంత ఎండను లోపలికి వదులుతుందన్న అంకెకే బరువు ఎక్కువ. కాబట్టి పూత బయటి గాజు లోపలి ముఖం మీద, ఎండను తిప్పికొట్టే రకంగా ఉండాలి. చప్పుడు కోసం డీజీయూ పెట్టించి, దాన్ని బ్రష్ సీలు ఉన్న స్లైడింగ్ రెక్కలో బిగిస్తే సగం డబ్బు వృథా, శబ్దం సందుల్లోంచి వస్తుంది. విశాఖ తీరంలో ఉప్పు గాలికి గాజుకన్నా ముందు హింజులు పోతాయి. ఏసీ గదుల్లో వానాకాలం ఉదయాన అద్దం బయట చెమటపడితే అది మామూలే.

కోకాపేట, నార్సింగి టవర్లలో ఇప్పుడు బిగిస్తున్న జోడీలు ఎండకు రోజూ సాగి, ముడుచుకుని, ఏదో ఒకనాడు మసకబారతాయి. ఇరవయ్యో అంతస్తులో బీడింగ్ బయటి వైపు ఉంటే ఒక్క గాజు మార్చడానికి పైనుంచి పనివాళ్ల ఊయల దించాలి, లోపలి వైపు ఉంటే ఇద్దరు మనుషులు లిఫ్టులో వచ్చి మార్చి వెళ్తారు. ఫ్లాటు తాళాలు తీసుకునే రోజున బిల్డరును అడగాల్సిన కాగితాల్లో ప్రతి కిటికీ జోడీ మందం, పూత ఏ ముఖం మీద ఉంది, తయారైన నెల, గ్యారంటీ ఎవరి పేరు మీద ఉంది, బీడింగ్ ఏ వైపున, విడిభాగాల సంస్థ ఎవరు అన్న వివరాలు ఉండాలి. ఒక ప్రతి అపార్టుమెంట్ సంఘం ఫైలులో చేరాలి.